వెనక సీటు

పోయిన వారం కథ కొండ కింద టీ దుకాణం ముందు ఆగింది. మూడు బళ్ళు, ముగ్గురు మనుషులు, మధ్యలో ఒక తాళంచెవి.

ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఆమె ఫిజియోథెరపిస్టు. పట్టేసిన మెడల్నీ, అతికిన ఎముకల్నీ మళ్ళీ పనిలో పెట్టడం ఆమె వృత్తి. భర్తతో ఊళ్ళోనే కాపురం. ఆమెకి ఒక్కడే తమ్ముడు. వాడికి బళ్ళ పిచ్చి. ఆదివారం వచ్చిందంటే తనలాంటి మరో ఇద్దరితో కలిసి కొండెక్కేవాడు. ఆ ఇద్దరిలో పెద్దాయన ఒకప్పుడు డ్రాయింగు మాస్టారు. దారిలో ఎప్పుడూ తనే ముందుంటాడు కాబట్టి కెప్టెన్ అని పేరు. రెండోవాడు పళ్ళ డాక్టరు. చలికాలం మొదట్లో ఒక ఆదివారం తమ్ముడు తిరిగి రాలేదు. సరదాగా బళ్ళు మార్చుకున్నామనీ, డాక్టరు బండి నడుపుతూ పై మలుపులో తమ్ముడు జారి కింద పడిపోయాడనీ, తమ్ముడి బండి మీద వెనకాలే వస్తున్న డాక్టరు అదంతా కళ్ళారా చూశాడనీ ఇద్దరూ చెప్పారు. పోలీసులకీ అదే చెప్పారు. ఆమె నమ్మింది. నమ్మి, తమ్ముడి బండి అమ్మకుండా ఉంచుకుని, వాడు ఆ దారుల్లో ఏం చూసుకుని మురిసిపోయేవాడో తెలుసుకుందామని వాళ్ళిద్దరి దగ్గరే నడపడం నేర్చుకుంది.

నేర్చుకున్నకొద్దీ ఒక అనుమానం పట్టుకుంది. అందుకే పోయిన వారం చివర్లో ఆమె బండి దిగి, తాళంచెవి డాక్టరు చేతిలో పెట్టి, “ఆరోజు నడిపినట్టే ఇవాళ కూడా దీన్ని పై మలుపు దాకా మీరే నడపండి డాక్టర్ గారూ” అంది.

“ఇప్పుడా అక్కా?” అన్నాడు డాక్టరు, నవ్వబోయి.

“ఇప్పుడే.”

ఆ బళ్ళకి పేర్లు పెట్టింది తమ్ముడే. కెప్టెన్‌ది బరువైన క్రూజరు. సీటు నేలకి దగ్గరగా ఉంటుంది. కాళ్ళు ముందుకి చాపుకుని, చేతులు ఛాతీ ఎత్తులో పెట్టుకుని కూర్చోవాలి. దాని పేరు సోఫా. “ఒక్క దిండు తక్కువ మాస్టారూ, ఉంటే మధ్యాహ్నం కునుకు కూడా తీయొచ్చు” అనేవాడు. డాక్టరుది రేసు బండి. ట్యాంకు మీద బోర్లా పడుకున్నట్టు వంగి, ఒంటి బరువంతా మణికట్ల మీద వేసి నడపాలి. దాని రొద విని కందిరీగ అని పేరు పెట్టాడు. ఎదురొచ్చిన ప్రతివాడికీ వంగి దణ్ణం పెట్టుకుంటూ పోవడమే తప్ప ఆ బండిలో ఏముందని ఎగతాళి చేసేవాడు. తన బండి ఒంటె. రాళ్ళ మీదా ఇసక మీదా కూడా పోగలిగే దూరప్రయాణాల బండి. నిటారుగా కూర్చోవచ్చు, గతుకులొస్తే నిలబడీ నడపచ్చు. కానీ ఎక్కాలంటే గోడ దూకినట్టు కాలు విసరాలి.

ప్రతి ఆదివారం ఈ దుకాణం బల్ల మీద ముగ్గురికీ అదే తగువు. అసలైన బండి ఏది? అలసట తెలియకుండా సాయంత్రానికి ఇల్లు చేర్చేదే బండి అనేవాడు కెప్టెన్. మలుపులో ఒరిగినప్పుడు కడుపులో ఒక్క క్షణం ఖాళీ అవుతుందే, అది ఇవ్వలేనిది బండే కాదనేవాడు డాక్టరు. తారు రోడ్డు అయిపోయాక కూడా ఆగనిదే బండి అని తమ్ముడు. టీలు చల్లారిపోయేవి. ఎవరూ నెగ్గేవాళ్ళు కాదు.

ఆమెకి ఆ తగువు ఆస్పత్రి వైపు నుంచి తెలుసు. సోఫాల వాళ్ళు నడుము పట్టుకుని వస్తారు. కందిరీగల వాళ్ళు మణికట్టు పట్టుకుని వస్తారు. ఒంటెల వాళ్ళు మాత్రం రారు, వస్తే స్ట్రెచర్ మీదే వస్తారని తమ్ముణ్ణి ఏడిపించేది. ఆ మాట ఇప్పుడు గుర్తొస్తే నోరంతా చేదైపోతుంది.

తమ్ముడు పోయాక డాక్టరు కందిరీగని మళ్ళీ ముట్టుకోలేదు. రోజూ ఆఫీసులకి పోయేవాళ్ళు నడిపే మామూలు బండి ఒకటి కొనుక్కున్నాడు. పాపం, ఎంత కుంగిపోయాడో అనుకుంది. ఆమెకి క్లచ్చు పట్టడం నేర్పింది అతనే. పడిపోయినప్పుడల్లా పరిగెత్తుకొచ్చి లేపింది అతనే. ఆమె కొత్త కాబట్టి మెకానిక్ ఒంటె సీటుని కిందికి దింపి బిగించాడు. నిన్న సాయంత్రం ఆమె దాన్ని మళ్ళీ తమ్ముడు ఉంచుకున్న ఎత్తుకే పెట్టించి ఎక్కి కూర్చుంది. వాళ్ళింట్లో అందరివీ కొంగ కాళ్ళు. అయినా ఆమెకి మునివేళ్ళే ఆనాయి. అప్పుడు డాక్టరు పొట్టి కాళ్ళు గుర్తొచ్చాయి. ఎదురుగా నిలబడిన మనిషి తొడ ఎముక ఎంత పొడుగో చూపుతోనే కొలవడం ఆమెకి వృత్తి అంటించిన పాడలవాటు.

డాక్టరు ఒంటె దగ్గరికి నడిచాడు. హ్యాండిల్ పట్టుకుని కాలు విసిరాడు. బూటు వెనక సీటుకి తగిలి జారింది. మళ్ళీ విసిరి ఎక్కాడు. బండి స్టాండు మీద ఒరిగి ఉన్నంతసేపూ ఎడమ కాలు నేలకి ఆనింది. నిటారుగా లేపగానే రెండు కాళ్ళూ గాల్లో వేలాడాయి.

“పక్కకి జరిగి ఒక్క కాలే ఆనించాలి” అన్నాడు కెప్టెన్ గొంతు సవరించుకుని. “అలా నడిపేవాళ్ళు బోలెడుమంది ఉన్నారమ్మా. ఏముందీ, అలవాటు.”

“ఆరోజుకి ఈయనకి అలవాటుందా మాస్టారూ?”

కెప్టెన్ గ్లవుజు సర్దుకున్నాడు.

డాక్టరు పక్కకి జరిగాడు. కుడి బూటు మొన కంకర మీద ఆనింది, ఆని జారింది. నిండు ట్యాంకుతో ఉన్న ఒంటె తొందరేమీ లేకుండా కుడి పక్కకి వాలిపోయింది. అతను పళ్ళు బిగించి ఆపాలని చూశాడు. ఆగలేదు. కాలు కింద పడకుండా ఎగిరి దూకాడు. కుడివైపు అద్దం పగిలి ముక్కలు రోడ్డు దాకా చిందాయి. లోపల గ్లాసులు కడుగుతున్న దుకాణం ఆవిడ తొంగిచూసి, “దెబ్బ తగిలిందా నాయనా?” అంది.

ముగ్గురూ కలిసి బండిని లేపి నిలబెట్టారు. పెట్రోలు వాసన గుప్పుమంది.

“బరువైన బండి. ఎవరైనా పడతారు” అన్నాడు కెప్టెన్.

“నిజమే మాస్టారూ. నేనూ ఎన్నిసార్లు పడ్డానో ఈయనకే తెలుసు. మరి ఆరోజు ఈయన ఇదే బండిని కొండెక్కించాడు. ముందువాడు పడిపోవడం చూశాడు. వాలులో ఆపాడు, దిగాడు, స్టాండు వేశాడు, పరిగెత్తాడు. మీరు చెప్పిందే చెప్తున్నాను. వాలు వద్దు, ఇక్కడే, చదునుగా ఉన్నచోటే ఇంకోసారి ఎక్కి నిలబెట్టమనండి. నేను నోరు మూసుకుని ఇంటికెళ్ళిపోతాను.”

డాక్టరు హెల్మెట్ తీశాడు. జుట్టు తడిసి నుదుటికి అతుక్కుపోయింది.

“నావల్ల కాదక్కా.”

“ఇవాళా? ఆరోజా?”

అతను ఆమె వైపు చూడలేదు, కెప్టెన్ వైపు చూశాడు. పాఠం మర్చిపోయిన పిల్లాడు పక్కవాడి వైపు చూసినట్టు. ఆమె ఒంటె హ్యాండిల్ పట్టుకుంది.

“ఎక్కండి” అంది.

“చెప్తున్నాగా, నావల్ల—”

“వెనక ఎక్కండి. నేను నడుపుతాను.”

కెప్టెన్ ముందుకొచ్చి హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు. “నువ్విలా ఉన్నప్పుడు బండి తియ్యకూడదమ్మా. కోపంగా ఉంటే తాళం జేబులో వేసుకోమని నీకు మొదటిరోజే చెప్పాను.”

“మీరు చాలా చెప్పారు మాస్టారూ. తప్పుకోండి.”

ఎండ అప్పటికే రోడ్డు మీద పరుచుకుంది. కొండవాలు గడ్డి పసుపుపచ్చగా మాడి ఉంది. ఒంటె కూనిరాగం తీస్తూ ఎక్కుతోంది. వెనక కూర్చున్న మనిషి బరువు ఆమెకి నడుము దగ్గర తెలుస్తోంది. వెనకాల కొంత దూరంలో సోఫా దడదడ వినిపిస్తూనే ఉంది.

మొదటి పెద్ద మలుపు వచ్చింది. ఆమె ఎడమవైపుకి ఒరిగింది. వెనక బరువు ఒరగలేదు. కర్రలా బిగుసుకుపోయి నిటారుగానే ఉంది. బండి అనుకున్న దారి వదిలి బయటికి జరిగి, మధ్య గీత దాటబోయింది. ఆమె ఎలాగో వెనక్కి లాక్కుంది.

“నాతోపాటు ఒరగండి!” అని అరిచింది. “ఇది కూడా మీకు నేను చెప్పాలా?”

వెనక నుంచి ఏదో అన్నాడు. గాలి ఎత్తుకుపోయింది.

“ఏమన్నారు?”

మిగిలిన ఒక్క అద్దంలో అతని ముఖం సగమే కనిపిస్తోంది. ఆ సగం ముఖం ఆమె భుజం దగ్గరికి వంగింది.

“వాడూ ఒరగలేదక్కా. వాడికి వెనక కూర్చోవడం రాదు.”

ఆమె బ్రేకు మీద కాలు వెయ్యలేదు. వేస్తే ఇక్కడే ఆగిపోతాననీ, ఆగితే ఇతని ముఖం చూడాలనీ, చూస్తే తన చేతులు ఏం చేస్తాయో తనకే తెలీదనీ అనిపించింది. గేరు తగ్గించింది. బండి మెల్లగా ఎక్కుతూనే ఉంది.

“చెప్పు” అంది. ఇన్ని నెలల్లో అతన్ని ఏకవచనంలో పిలవడం అదే మొదలు.

అతను ఆమె వీపుతో చెప్పాడు. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే ఎప్పటికీ చెప్పేవాడు కాదేమో.

“కింద టీ తాగుతున్నాం. వాడు మామూలుగానే దణ్ణాల బండి అన్నాడు. ఎప్పుడూ అనే మాటే. నాకే ఆరోజు ఒళ్ళు మండింది. ఒక్కసారి నా వెనక కూర్చుని పై మలుపు చూడు, ఆ తర్వాత మాట్లాడు అన్నాను. వాడు నవ్వాడు. సరే పద, ఇవాళ తేల్చేద్దాం అన్నాడు. ఒంటెని దుకాణం దగ్గరే వదిలేశాడు. కందిరీగకి వెనక సీటంటే పేరుకే అక్కా. ఇంత చెక్క ముక్కంత ఉంటుంది. పైన ఎక్కడో ఉంటుంది. పట్టుకోవడానికి ఏమీ ఉండదు. మీ తమ్ముడంత పొడుగు మనిషి మోకాళ్ళు మడిచి కూర్చుంటే...”

ఒక బస్సు ఎదురొచ్చి దాటిపోయింది.

“తర్వాత?”

“మొదట్లో నవ్వుతూనే ఉన్నాడు. కాసేపటికి నా వీపు మీద తట్టాడు. మెల్లగా పొమ్మని. ఇంకోసారి తట్టాడు.”

“నువ్వేం చేశావు?”

“పెంచాను. వాడు భయపడ్డాడని సంతోషమేసింది నాకు. ఇన్నాళ్ళకి దొరికాడనిపించింది. అంతే అక్కా. ఇంకేమీ లేదు మనసులో. నేను ఒరిగాను, వాడు భయంతో రెండో వైపుకి లేచాడు. మలుపులో కంకర ఉంది.”

పై మలుపు వచ్చింది.

ఆమె బండిని కొండవైపు ఓరకి ఆపి, స్టాండు వేసి, దిగింది. రోడ్డు అంచున ఇనప కమ్మీ ఉంది. అందులో ఒక్క ముక్క మాత్రం కొత్తది, దాని రంగు ఇంకా మెరుస్తోంది. అవతల రాళ్ళు, పొదలు, ఎండిన వాగు. ఇంతకుముందు ఈ చోటికి వచ్చినప్పుడల్లా ఆమె ఆ కమ్మీ దగ్గర నిలబడి, హ్యాండిల్ పట్టుకుని ఒంటరిగా గాల్లోకి లేచిన తమ్ముణ్ణి ఊహించుకునేది. తన తప్పుతో తనే పోయాడని వాడి మీద కోపం కూడా తెచ్చుకుంది. ఆ కోపాన్ని ఇప్పుడెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

డాక్టరు దిగి రోడ్డు మీదే చతికిలబడ్డాడు. “నాకు తోలు సూటు ఉంది. రోడ్డు మీద జారుకుంటూ పోయాను. మోకాళ్ళు గీసుకున్నాయంతే. వాడికి పల్చటి జర్కిన్. కమ్మీ దాటి అటు...”

సోఫా వచ్చి ఆగింది. కెప్టెన్ దిగుతూనే ఇద్దరి ముఖాలూ చూసి, జరగాల్సింది జరిగిపోయిందని గ్రహించాడు. హెల్మెట్ ట్యాంకు మీద పెట్టి వచ్చి ఆమె ఎదుట నిలబడ్డాడు. బడిలో తప్పు చేసి పట్టుబడ్డ మాస్టారులా ఉన్నాడు.

“నేనే అలా చెప్పమన్నానమ్మా. వీడు చెప్పేస్తానన్నాడు. వీడికి పెళ్ళి కుదిరి ఉంది. మొన్న మొన్నే క్లినిక్కు పెట్టుకున్నాడు. పోయినవాణ్ణి ఎలాగూ తేలేం, ఉన్నవాడు జైలుకెందుకు అన్నాను. పాపమంటే నాదే.”

ఆమె ఆ మాటని తిరగేసి చూసుకుంది.

“మీరు ఆ మాట అన్నప్పుడు వాడు పోయాడా మాస్టారూ?”

కెప్టెన్ కమ్మీ అవతలికి చూశాడు.

“సూటిగానే అడుగుతున్నాను. ఏం చెప్పాలో మీరిద్దరూ ఇక్కడ నిలబడి అనుకుంటున్నప్పుడు, కింద నా తమ్ముడు బతికున్నాడా, లేడా?”

“సాయం వస్తోందనే అనుకున్నామమ్మా” అన్నాడు కెప్టెన్ బలహీనంగా. “వచ్చేలోపు ఒంటెని తెచ్చి ఇక్కడ పెడితే... వాడు బతికినా కేసు లేకుండా పోతుందని... వాడే ఒప్పుకుంటాడు, మంచివాడు కదా అని...”

అంటే వాడు కింద పడి ఉన్న సమయంలోనే ఈ పెద్దమనిషి తీరిగ్గా దుకాణానికి వెళ్ళి, సోఫాని అక్కడ వదిలి, ఒంటెని నడుపుకుంటూ వచ్చి, తాము చెప్పబోయే కథకి కుదిరేలా ఇక్కడ నిలబెట్టాడు. ఆ తర్వాత ఆ చేతుల్తోనే ఆమెకి గేర్లు మార్చడం నేర్పాడు.

“వాడు మాట్లాడాడా?” అని డాక్టరుని అడిగింది.

“మాట్లాడాడు.”

“ఏమని?”

డాక్టరు రోడ్డు వైపే చూస్తూ చెప్పాడు. “దిగి వెళ్ళేసరికి కళ్ళు తెరిచే ఉన్నాడు. కాళ్ళు తెలియట్లేదురా అన్నాడు. ‘అక్కకైతే తెలుస్తుంది, అక్కకి ఫోన్ చెయ్యి’ అన్నాడు. వాడి ఫోను ముక్కలైపోయింది. మీ నంబరు నోటితో చెప్పాడు. ఒక్క తప్పు లేకుండా చెప్పాడక్కా.”

ఆమె కమ్మీ పట్టుకుంది. ఎండకి కాలిన ఇనుము చెయ్యి చుర్రుమనిపించింది. వదల్లేదు.

“నాకెవరూ ఫోన్ చెయ్యలేదు.”

“చేశాను.”

“నాకు రాలేదంటున్నాను.”

“ఎవరో మగవాళ్ళు ఎత్తారు. ఆవిడ ఇంట్లో లేరు, నేను ఆవిడ భర్తని అన్నారు.” డాక్టరు మొదటిసారి తలెత్తి ఆమె ముఖంలోకి చూశాడు. “అన్నీ చెప్పాను. ఏ మలుపో చెప్పాను. బతికే ఉన్నాడు, మాట్లాడుతున్నాడని చెప్పాను. ‘కంగారు పడకండి, మీరింకెవరికీ ఫోన్ చెయ్యొద్దు, అంబులెన్సు తీసుకుని నేనే వస్తున్నాను’ అన్నారు. ఆ గొంతు ఎంత నిదానంగా ఉందో! నా నెత్తి మీది బరువు ఎవరో దించినట్టయింది. ఫోన్ జేబులో పెట్టేసి వాడి పక్కన కూర్చున్నాను. బావగారు వస్తున్నారని చెప్పాను.”

“అది విని వాడేమన్నాడు?”

“ఏమీ అనలేదు. కళ్ళు మూసుకున్నాడు. అక్క రాదా అని మాత్రం అడిగాడు.”

కెప్టెన్ ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

“ఎంతకీ రాలేదు” అన్నాడు డాక్టరు. “వాడి మీద ఉన్న పొద నీడ జరిగిపోయి ఎండ ముఖం మీదకి వచ్చింది. నేను అడ్డంగా కూర్చున్నాను. మళ్ళీ చేశాను. స్విచాఫ్. అప్పటికి గానీ నాకు బుర్ర పనిచెయ్యలేదు. పైకెక్కి లారీ ఒకటి ఆపాం. దాన్నిండా కూరగాయల గోతాలు. అవి దించి, వాణ్ణి మోసుకొచ్చి పడుకోబెట్టేసరికి అయిపోయింది.”

“ఇన్నాళ్ళూ నాకు చెప్పాలనిపించలేదా?”

“మొదట్లో మీకు తెలుసనుకున్నాను. తెలిసి కూడా నన్ను ఏమీ అనట్లేదంటే ఎంత గొప్ప మనసో అనుకున్నాను. ఆ తర్వాత మీ మాటల్ని బట్టి మీకేమీ తెలీదని అర్థమైంది. ఆయన మీతో చెప్పలేదంటే ఆయనకేదో కారణం ఉంది. ఆయన నోరు విప్పకపోతే నాదీ బయటపడదు. అలా...” అతను రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. “అలా బతికేశాను అక్కా.”

ఆమె అతన్ని కొడుతుందనుకున్నాడు కెప్టెన్. కొట్టలేదు. ఏడవనూ లేదు. హెల్మెట్ పట్టీ బిగించుకుంది.

“రేపు పొద్దున్న ఇద్దరూ పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి, ఇప్పుడు నాకు చెప్పింది చెప్పినట్టు అక్కడ చెప్పాలి. నేను గేటు దగ్గర నిలబడి ఉంటాను.”

“వెళ్తాను” అన్నాడు డాక్టరు. ఆ ఒక్క మాటలో ఎక్కడో కాస్త ఊపిరి పీల్చుకున్నట్టుంది.

“వీణ్ణి ఇలా రోడ్డు మీద వదిలేసి ఎలా వెళ్తావమ్మా?” అన్నాడు కెప్టెన్.

“మీ సోఫా ఖాళీగానే ఉందిగా మాస్టారూ. వెనక ఎక్కించుకోండి.”

దిగేటప్పుడు ఆమె మలుపులన్నీ జాగ్రత్తగా తిరిగింది. తమ్ముడు పోయిననాటి ఆదివారం మొదటిసారి ముక్కలు ముక్కలుగా గుర్తొచ్చి ఒకదాని పక్కన ఒకటి నిలబడింది. కొత్త మోకాలు వేయించుకున్న ముసలావిడ ఇంటికి వ్యాయామం చేయించడానికి వెళ్ళింది. ఫోను పడగ్గదిలో ఛార్జింగులో పెట్టి మర్చిపోయింది. భర్త ఆ ముసలావిడ ఇంటికే వచ్చి, గుమ్మంలో నిలబడి, “నీ తమ్ముడికి యాక్సిడెంటయిందట, ఇప్పుడే తెలిసింది” అన్నాడు. భుజాలు పట్టుకుని నడిపించాడు. అతని ఒంటి మీంచి సబ్బు వాసన వస్తోంది. జుట్టు తడిగా, పాపిట తీసి దువ్వి ఉంది. చొక్కా ఇస్త్రీ మడత నలగలేదు. ఆ భుజం మీద తల పెట్టుకునే ఆమె దారంతా ఏడ్చింది.

స్నానం చేశాడు. ఫోను పెట్టేసి, దాన్ని ఆపేసి, స్నానానికి వెళ్ళాడు.

వాళ్ళది రెండో అంతస్తు. మెట్లెక్కుతుంటే బూట్ల చప్పుడు తనది కానట్టు వినిపించింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసింది.

భర్త హాల్లో పాత పేపర్లు పరుచుకుని బూట్లకి పాలిష్ చేసుకుంటున్నాడు. వారానికి సరిపడా జతలన్నీ గోడ వారగా వరస పెట్టి ఉన్నాయి. ఇళ్ళ ప్లాన్లు గీసే ఇంజనీరు అతను. ఏ పని చేసినా అంచులు కలవాలి. పెళ్ళయిన కొత్తలో ఆమె ఆ పొందికని చూసి మురిసిపోయింది.

“తొందరగా వచ్చేశావే” అన్నాడు తలెత్తకుండా. “ఎండకి భయపడ్డారా మీ వీరులు?”

ఆమె గుమ్మంలోనే నిలబడింది.

“తమ్ముడు పోయినరోజు నా ఫోను మీరు ఎత్తారా?”

బ్రష్షు ఆగలేదు. బూటు ముందు భాగం మీద అటూ ఇటూ, అటూ ఇటూ తిరిగింది. మెరుపు సరిచూసుకుని, ఆ బూటుని దాని జోడు పక్కన పెట్టాడు. పాలిష్ డబ్బా మూత తీసుకుని నొక్కి పెట్టాడు. పాత గుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు.

“ఎవరు చెప్పారు? పళ్ళ డాక్టరా?”

“అడిగినదానికి చెప్పండి.”

“ఎత్తాను.”

బుకాయిస్తాడనుకుంది. అరుస్తాడనుకుంది. ఆ నిదానానికి సిద్ధపడి రాలేదు.

“బతికే ఉన్నాడని చెప్పాడు కదా మీతో.”

“చెప్పాడు.” అతను లేచి నిలబడ్డాడు. అతని ముఖంలో కోపం లేదు, భయమూ లేదు. చాలాకాలం మోసిన సంచీ దించుకోబోయేవాడి అలసట ఉంది. “నువ్వెప్పుడు అడుగుతావా అని అప్పటినుంచీ చూస్తూనే ఉన్నాను. బండి నేర్చుకుంటానన్నరోజే అనుకున్నాను, ఇది చివరికి ఇక్కడికే వచ్చి ఆగుతుందని. సరే. నేనూ ఒకటి అడుగుతాను. శనివారం, అంటే ఆ ముందురోజు, నీ తమ్ముడు నా ఆఫీసుకి వచ్చాడు. వాడు అక్కడ ఏం చూశాడో, సోమవారం పొద్దున్నే నీతో ఏం చెప్తానని నన్ను బెదిరించాడో నీకు తెలుసా?”

ఆమె హెల్మెట్‌ని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

“తెలీదు. ముందు తలుపు వేసిరా” అన్నాడు. “పక్కవాళ్ళు వింటారు.”

ఆమె హెల్మెట్‌ని గుమ్మానికి అడ్డంగా నేల మీద పెట్టింది.

“తలుపు తీసే ఉంటుంది. చెప్పండి.”